మూర వేయని మల్లెలు

కుప్పం బస్టాండులో తడిగుడ్డ కప్పిన మల్లెల బుట్ట పక్కనుంచి పోతే చాలు, పుంగనూరు బడిలో మాకు ఇంగ్లీషు చెప్పిన రాజేశ్వరి మేడమ్ గుర్తొస్తారు. హాయిగా గుర్తు రావడం కాదది. అడుగు ముందుకు పడదు.

ఆమె మహా పొదుపరి. గోరంత సుద్దముక్కను కూడా పారేయనిచ్చేవారు కాదు. భర్త పోయాక తలలో పువ్వు పెట్టి ఎరుగరు. అలాంటి మనిషి మా పదో తరగతి చివరి రోజున మల్లెల బుట్టను బుట్టగానే కొని తరగతిలోకి తెప్పించారు. పూలమ్మే గంగులమ్మ అలవాటుగా మోచెయ్యి చాచి మూర వేయబోతే, "కొలవద్దమ్మా, ఈ పిల్లోళ్ళ జడలకు ఎంత పడితే అంత పెట్టు" అన్నారు. గంగులమ్మకు మతి పోయింది. "ఇంత దుబారా యాల మేడమ్? సాయంత్రానికి వాడిపోతాయి గదా!" అంది.

మేడమ్ నవ్వి మా వైపు తిరిగారు. "ఇంగ్లీషులో దీనికి రెండు మాటలుండాయి. ఎక్స్‌ట్రావగెంట్ అనేది పక్కన నిలబడి సూసేవాళ్ళ మాట, హద్దు దాటినావు అని. లావిష్ అనేది అందుకున్నోళ్ళ మాట, కొలవకుండా పెట్టినావు అని." నిఘంటువు ఒప్పుకుంటుందో లేదో గానీ నేను ఒప్పుకున్నాను. సోమల నుంచి బస్సులో వచ్చే నా జడకు అన్ని పూలు అంతకుముందు ఎవరూ పెట్టలేదు.

పోయిన ఏడాది ఆమెకు క్యాన్సర్ ముదిరిందని, మదనపల్లెలో తమ్ముడింట్లో ఉన్నారని తెలిసి బుట్టెడు మల్లెలతో వెళ్ళాను. చూసి బెదిరిపోయారు. "నాకా? ఎవరన్నా సూస్తే ఏమనుకుంటారమ్మా! ఎక్స్‌ట్రావగెంట్."

"అది సూసేవాళ్ళ మాటని మీరే చెప్పినారు గదా మేడమ్" అన్నాను.

మేడమ్ మెల్లగా గోడవైపు ఒత్తిగిలి, పూలు పెట్టమన్నట్టు తల నాకిచ్చారు. మందులకు జుట్టంతా రాలిపోయింది. పూలు నిలవడానికి ఆధారమే లేదు. దండను ఆమె తల మీద చేత్తో పట్టుకుని, నిద్రపోయేదాకా కూర్చున్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆ వారంలోనే పోయారు.

నేనూ ఇప్పుడు కుప్పంలో ఇంగ్లీషే చెబుతున్నాను. మొన్న పదో తరగతి చివరి రోజున బస్టాండు పూలామె, "ఎన్ని మూరలమ్మా?" అంటూ మోచెయ్యి చాచింది. "కొలవద్దు, బుట్ట ఇచ్చేయ్" అన్నాను. పిల్లల జడల్లో పూలు వాటంతట అవే నిలుస్తాయి. అయినా ఒక్కొక్కరికీ పెట్టాక నా చెయ్యి కాసేపు అక్కడే ఆగిపోయింది.