శుక్రవారం నాటి ఇంటర్నెట్ తూకం

ఒక మనిషి తన ఇంట్లో, తన కుర్చీలో కూర్చుని, ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా, పక్కింటి కుటుంబాన్ని మొత్తం ఎలా ఏడిపించగలడో తెలుసుకోగోరేవారు ఈ వృత్తాంతాన్ని చివరిదాకా చదవవలసిందిగా మనవి. ఆ మనిషిని నేనే. బోధన్‌లో మా వీధికి మొట్టమొదటి బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ తెప్పించుకున్న ఘనుణ్ణి కూడా నేనే. ఈ రెండో ఘనతే లేకపోతే ఆ మొదటిది జరిగేదే కాదు.

అప్పట్లో నేను చక్కెర ఫ్యాక్టరీ కాంటా దగ్గర గుమాస్తాను. చెరకు ట్రాక్టర్లు వరుసగా వచ్చి కాంటా ఎక్కుతాయి, నిండు తూకం చూస్తాం. చెరకు దింపి మళ్లీ వస్తాయి, ఖాళీ తూకం చూస్తాం. మొదటిదాంట్లోంచి రెండోది తీసివేస్తే మిగిలేది చెరకు. ఏళ్ల తరబడి ఈ పని చేసినవాడికి లోకంలో ప్రతి వస్తువూ చెప్పిన బరువుకన్నా తక్కువే ఉంటుందన్న గట్టి నమ్మకం ఏర్పడుతుంది. కిరాణా కొట్లో నేను పప్పు పొట్లాన్ని ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకుంటూ ఉంటే సేటు మొహం తిప్పుకునేవాడు. అటువంటి నా ఇంటికి టెలిఫోన్ ఆఫీసువాళ్లు వచ్చి, రెండు వందల యాభై ఆరు స్పీడు ఇస్తున్నామని చెప్పి, ఆకుపచ్చ దీపాలు మిణుకుమనే డబ్బా ఒకటి బిగించి వెళ్లిపోయారు. ఎవరు తూచారు? ఎక్కడ తూచారు? నా ఎదుట తూచలేదు కదా?

స్పీడు చూపించే వెబ్‌సైట్లు ఉన్నాయని ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారు. ఊరూ పేరూ తెలియని త్రాసును నేను నమ్మను. అందుచేత సొంత పద్ధతి కనిపెట్టాను. ఇంటర్నెట్ నుంచి ఏదో ఒక పెద్ద ఫైలు దింపడం మొదలుపెట్టాలి. చేతి గడియారం చూస్తూ, ఎంతసేపట్లో ఎంత దిగిందో డైరీలో రాసుకుని భాగహారం చేయాలి. దిగుతున్న ఫైలులో ఏముందో నాకు అనవసరం. కాంటా గుమాస్తా చెరకు నమలడు కదా. ఒక్క తూకంతో తృప్తిపడే అలవాటు లేదు కనుక మూడు దేశాల నుంచి మూడు ఫైళ్లు ఒకేసారి దింపేవాణ్ణి. మూడూ బారాత్‌లో పెళ్లికొడుకు కారులాగా కదిలేవి. టెలిఫోన్ ఆఫీసు మోసం ఇవాళ కూడా రుజువైందని మా ఆవిడ సులోచనకు రోజూ ప్రకటించేవాణ్ణి.

"మీరు తూసుడే ఉన్నది గని, గా ఇంటర్నెట్టు వాడుకునుడు ఎప్పుడు?" అని ఆమె అడిగేది. శాస్త్రీయ దృష్టి లేనివాళ్లతో వాదించడం దండగ అని ఊరుకునేవాణ్ణి.

పక్కింట్లో రాజవ్వ ఉండేది. బీడీలు చుట్టేది. కొడుకు గంగాధర్ దుబాయిలో పని చేసేవాడు. అతను విమానం ఎక్కిన తర్వాత ఇక్కడ కూతురు పుట్టింది. పాపకు మెడ నిలిచింది, నవ్వు వచ్చింది, బోర్లా పడడం కూడా వచ్చింది. తండ్రి మాత్రం ఒక్క ఫోటో తప్ప చూడలేదు, సెలవు దొరికే సూచన కూడా లేదు. ఒక శుక్రవారం అతనికి అక్కడి ఇంటర్నెట్ సెంటరులో అరగంట దొరికింది. పుట్టింట్లో ఉన్న కోడలు లావణ్య పాపను తీసుకుని కోటగిరి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. మీ కంప్యూటరులో మా ఆయనకు పాపను చూపించవచ్చా సార్ అని అడిగితే, నా కనెక్షన్‌కు సార్థకత లభించిందని పొంగిపోయి కొత్త కెమెరా కూడా కొనుక్కొచ్చాను.

"ఇయ్యాల ఒక్కపూట మీ తూకాలు బంద్ పెట్టుండ్రి" అని సులోచన ముందే హెచ్చరించింది.

పెట్టానన్నాను. కొత్తవి మొదలుపెట్టలేదన్న అర్థంలో అది నిజమే. పొద్దున్న మొదలుపెట్టినవి మూడూ ఇంకా దిగుతున్నాయి. నడిమధ్యలో ఆపితే పొద్దుటి శ్రమ అంతా వృథా అయిపోదా? వాటిని తెర అడుగుకు దించి, కనిపించకుండా చేసి, పెద్దమనిషిలా చేతులు కట్టుకుని నిలబడ్డాను.

గంగాధర్ వచ్చాడు. వచ్చాడంటే, అతని మొహం గళ్లు గళ్లుగా వచ్చి అక్కడే ఆగిపోయింది.

"గిదేంది సారూ, నా కొడుకును ఇటుకలు పేర్చి కట్టిండ్రా?" అంది రాజవ్వ.

మాట కూడా ముక్కలు ముక్కలుగా వచ్చింది. అవతల అతనికి కనిపిస్తున్నది లావణ్య భుజం ఒక్కటేనని, పాప ఏదని అడుగుతున్నాడని అతికష్టం మీద అర్థమైంది. లావణ్య పాపను ఎత్తి కెమెరా ముందు పట్టుకుంది. అతనికి అదే భుజం. పాపకు ఆ రోజు కొత్త గౌను వేశారు, బుగ్గన దిష్టిచుక్క పెట్టారు. అరగంటలో ఐదో వంతు భుజం కిందే పోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. టెలిఫోన్ ఆఫీసుకు ఫోన్ చేసి, మీరిచ్చే ముష్టి స్పీడులో ఒక తండ్రి తన బిడ్డను చూసుకోలేకపోతున్నాడని గ్రాంథికంలో చెప్పాను.

"సార్, ఈడికెల్లి లైన్ ఫుల్లు పోతున్నది. మీ ఇంట్లనే ఏమన్న నడుస్తున్నదా సూసుకోండ్రి" అన్నాడు అవతలి మనిషి.

"మా ఇంట్లో న్యాయం తప్ప మరేదీ నడవదు" అని ఫోన్ పెట్టేశాను.

తర్వాత నేను చేసిన పనిని పాఠకులు మరోసారి చదివి నిర్ధారించుకోవచ్చు. సాక్ష్యం తాజాగా ఉండాలని, అదే క్షణంలో నాలుగో ఫైలు దింపడం మొదలుపెట్టాను. గంగాధర్ మొహంలో మిగిలిన ఇటుకలు కూడా రాలిపోయాయి. తెర మీద బూడిద రంగు తప్ప ఏమీ లేదు.

"వాడు దుబాయికెల్లి నడుసుకుంట బయలెల్లినా గీ పాటికి ఇల్లు జేరుతుండె" అని రాజవ్వ గొణిగింది. లావణ్య పాపను అలాగే కెమెరా ముందు పట్టుకుని ఉంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నేను ఆఫీసు మీద ఇంకా మండిపడ్డాను. నన్ను నేను అనుమానించుకోవడం అనే అలవాటు నాకు లేదు.

ఇంతలో టింగుమని ఒక శబ్దం వచ్చింది.

"సార్, మా ఆయన నొసలు ఉన్న కాడ ఏందో డబ్బా లేసింది" అంది లావణ్య.

మొదటి ఫైలు దిగడం పూర్తయిందన్న శుభవార్త అది. ఆ డబ్బా వెనుక గంగాధర్ కళ్లు మళ్లీ కనిపించి కదిలాయి. కాసేపటికి రెండోది టింగుమని అతని మీసం మీద లేచింది. అతని చెవులు కూడా తేటపడ్డాయి.

"ఇంకొక్క డబ్బా రానియ్యి సారూ, పోరడు మంచిగయితున్నడు" అంది రాజవ్వ.

"ఏం డబ్బాలు సారూ?" అని దుబాయి నుంచి ప్రశ్న వచ్చింది. స్పీడు తూస్తున్నానని చెప్పక తప్పలేదు. ఎన్ని పెట్టారని అడిగాడు. నాలుగన్నాను.

"సారూ," అన్నాడు గంగాధర్, "జర కాంటా దిగుండ్రి."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దుబాయి వెళ్లకముందు గంగాధర్ వర్ని నుంచి చెరకు ట్రాక్టర్ నడిపేవాడు. నిండు తూకం అప్పుడు సీటులోనే కూర్చుని తన బరువు కూడా చెరకులో కలిపేసి, ఖాళీ తూకానికి దిగిపోయేవాడు. నేను పట్టుకుని, వరుసలోని ట్రాక్టర్లవాళ్లందరి ముందూ "కాంటా దిగు" అని కేకవేసి దింపాను. అతనైనా తన ఒక్క ఒంటి బరువే కలిపాడు. నేను నాలుగు లోడ్లు వేసుకుని కాంటా మీద బైఠాయించి, ముల్లు తప్పు చూపిస్తోందని ఊరంతా ఫిర్యాదు చేస్తున్నాను. అతను నాకు మర్యాదకు "జర" అన్న మాట కూడా కలిపాడు. నేను అతనికి కలపలేదు.

మిగిలిన రెండు ఫైళ్లను నా చేతులతోనే ఆపేశాను. తెర ఒక్కసారిగా తేటపడింది. గంగాధర్ ముందుకు వంగాడు.

"లావణ్యా, దాన్ని జర పక్కకు తిప్పు. చెవులు సూస్త."

ఆమె తిప్పింది.

"చెవులు నాయే" అన్నాడు.

అవతల ఎవరో అతని భుజం తట్టారు, సమయం అయిపోయిందని కాబోలు. పాప మాత్రం ఆవలించి, తండ్రి ఉన్న తెరను నాకడానికి ముందుకు వంగింది.

మరుసటి శుక్రవారం వాళ్లు మళ్లీ వచ్చారు. సులోచన కంప్యూటర్ గది తలుపు మూసి, నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది. లోపలి నవ్వులు వింటూ నేను చేసిన ప్రతిజ్ఞ ఏమనగా: ఎవరైనా తన బిడ్డను చూసుకుంటున్నంతసేపూ నేను ఈ భూమ్మీద దేన్నీ తూచను, భాగించను, చేతి గడియారం వైపు చూడను. ఆ కనెక్షన్ అసలు స్పీడు ఎంతో నాకు ఈనాటికీ తెలియదు. బోధన్ నుంచి దుబాయికి రెండు చెవులు చేరవేసేంత ఉండేదని మాత్రం సంతకం పెట్టి చెప్పగలను.