మా మావయ్య టైర్లు

మా మావయ్య పోయేరు. డైరీ ఫార్మ్ ఏరియాలో టాక్సీ వ్యాన్ తోలీవారు, మా అమ్మకి అన్నయ్య. పోయిన ఆదివారం చర్చికి రెడీ అవుతా ఛాతీలో నొప్పన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది. ఈ గ్రూప్‌లో అందరూ దండాలు పెట్టేరు, చూసేను. నేను నోటితో చెప్పలేను, మీకు తెలుసు కదా. అందుకే టైప్ చేస్తన్నా.

మావయ్య పొద్దున్నే టీ కూడా తాక్కుండా వ్యాన్ చుట్టూ తిరిగీవారు. టైర్లని కాలితో తన్నీవారు కాదు, అరచేత్తో తడిమీవారు. అత్త ప్రార్థన చేసుకుంటంటే "ఒక్కసారి లోపల కూచుని వైపర్ వెయ్యవే" అనీవారు. "దేవుడు వింటన్నాడు, సిగ్గు లేదా" అని అత్త. "విననీ. వాన పంపీది ఆయనే కదా" అని మావయ్య.

నేను బడి మానేసినప్పుడు అందరూ తిట్టేరు. మావయ్య తిట్టలేదు. పక్క సీట్లో కూచోబెట్టుకుని తిప్పేరు. "మాట్లాడకపోతే పర్లేదురా. చూడ్డం నేర్చుకో" అన్నారు.

ఫిట్‌నెస్ గురించి మీలో కారున్నోళ్ళకి కూడా సరిగా తెలీదు. టాక్సీలు, స్కూల్ వ్యాన్లు పాతబడితే ఏటేటా తీసుకెళ్ళి చూపించాలి. బ్రేకు, స్టీరింగు, టైర్లు, పొగ అన్నీ చూసి, బాగుంటే కాయితం ఇస్తారు. మన దగ్గర ఏం చేస్తారు? ఆ ఒక్క రోజుకి ఎవరివో మంచి టైర్లు ఎక్కించుకుని వెళ్తారు. కాయితం చేతికొచ్చేక అవి విప్పీసి, అరిగి నున్నగైపోయినవే మళ్ళీ బిగించీస్తారు. తెలివైన పని చేసినట్టు నవ్వుకుంటారు కూడా.

మా లైన్లో ఆ మంచి టైర్లు మావయ్యవే. అడిగితే కాదనలేరు. ఆ రోజంతా ఆయన వ్యాన్ ఇటుకల మీద ఉండీది, ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూచునీవారు.

పోయినేడు మా చెల్లి వెళ్ళే స్కూల్ వ్యాన్ తోలే భయ్యా మావయ్య టైర్లతో అలాగే తీసుకెళ్ళి పాసయ్యేడు. మర్నాడు మావయ్య రోడ్డు మీద ఆ వ్యాన్ చూసేరు. టైర్లో తీగలు బయటికొచ్చి ఉన్నాయి. లోపల ఒకరి ఒళ్ళో ఒకరు పిల్లలు, చెల్లి కూడా. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"కాయితం నా టైర్లకి ఇచ్చేర్రా, ఆడి బండికి కాదు. ఇప్పించింది నేనే" అన్నారు.

అప్పట్నుంచి ఎవరికీ ఇవ్వలేదు. దాంతో అందరూ "ఆయియే, రండి ఇన్‌స్పెక్టర్ సాబ్" అని ఎక్కిరించీవారు. చర్చి బయట చాయ్‌కి కూడా పిలిచీవారు కాదు. ఆ పిలవనోళ్ళే సమాధి రోజు ముందు వరసలో కూచున్నారు.

ఆ రోజు ఇంట్లో మావయ్యని పడుకోబెట్టిన బాక్స్ ముందు పాట పాడతన్నారు. వ్యాన్ భయ్యా వచ్చేడు, ఏడ్చేడు. నిజంగానే ఏడ్చేడు. కళ్ళు తుడుచుకుని అత్త పక్కన కూచుని మెల్లిగా అన్నాడు: "భాభీ, ఇప్పుడు అడక్కూడదు గానీ... శుక్రారం నా ఫిట్‌నెస్. భాయ్ బండి ఎలాగూ ఊరికే ఉంటది కదా. టైర్లు ఒక్క రోజుకి. ఏక్ దిన్, బస్."

పక్కనున్న అంకుల్ "ఇచ్చీమ్మా, సాయమే కదా" అన్నారు. అత్తకి ఏం వినపడిందో ఏమో, తలూపీసింది.

ఛీ. శవం ఇంకా ఇంట్లోనే ఉంది.

"ఇవ్వం" అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాను. అప్పుడే పాట ఆగింది, అందరూ నా వైపు తిరిగేరు.

"అరే, గూంగా బోలా! మూగోడు మాట్లాడేడు!" అని వెనకాల ఎవడో నవ్వేడు.

"చిన్నోడివి, నీకేం తెలుసురా. ఆయనుంటే ఇచ్చీవాడు" అన్నాడు భయ్యా.

"ఈ ఏడు ఆయనున్నప్పుడే మళ్ళీ అడిగేవు కదా భయ్యా. ఇచ్చేరా?"

అత్త నా మొహం చూసింది. "ఆడు చెప్పిందే" అంది.

అయినా ఏటైంది? భయ్యా ఇంకెవరివో టైర్లు తెచ్చుకున్నాడు. శుక్రారం పాసయ్యేడు. గ్రూప్‌లో కాయితం ఫోటో పెట్టేడు. మావయ్య ఫోటోకి దండం పెట్టినోళ్ళే దానికి థంబ్ పెట్టేరు. ఎవరెవరో నేను చూసేను. మీ పిల్లలు కూడా అదే వ్యాన్లో వెళ్తన్నారు. రోత పుట్టింది నాకు.

చెల్లిని ఇప్పుడు నేనే నడిపించి తీసుకెళ్తన్నా. నిన్న పొద్దున్న డెలానీపూర్ దగ్గర వాన. మా పక్కనుంచే వ్యాన్ దిగువకి వెళ్ళింది. పిల్లలు చెల్లిని చూసి చేతులూపేరు. మలుపులో భయ్యా బ్రేకేసేడు. వెనక భాగం సర్రుమని పక్కకి జారి, గోడకి జానెడు దూరంలో ఆగింది.

లోపల పిల్లలంతా పడీ పడీ నవ్వేరు.

"ఫిర్ సే భయ్యా! మళ్ళీ! ఫిర్ సే!"