ఇరవై రెండు మందీ, నా ఒక్క తలకాయా

ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా, కేవలం మర్యాదతో, ఇరవై రెండు మంది అమెరికన్ల పరువు ఒక్క మధ్యాహ్నంలో ఎలా తీయొచ్చో తెలుసుకోవాలని ఉందా? అయితే కూర్చోండి, చెప్తాను. తీసింది నేనే కాబట్టి ఇందులో కల్పన ఏమీ ఉండదు. మా ఆయన మాత్రం ఈ కథ వినలేక ఇప్పటికే లేచి గరాజ్‌లోకి వెళ్లిపోయారు.

నేను కాకినాడలో పదేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. పెళ్లయి అమెరికా వచ్చాక ఆ వయొలిన్ మంచం కిందకి వెళ్లింది. వీసా గొడవలు, ఉద్యోగం, ఇల్లు అంటూ ఏళ్లకి ఏళ్లు అక్కడే పడుంది. మోరిస్‌విల్ అనే ఊళ్లో కాస్త స్థిరపడ్డాక దాన్ని బయటికి తీసి, ఈసారి వెస్టర్న్ నేర్చుకుందామని క్లాసులో చేరాను. కింద కూర్చుని వాయించే మనిషిని కాస్తా నిలబడి వాయించడం మొదలుపెట్టాను. నాలుగేళ్లకి నాకో నమ్మకం కుదిరింది. నా కొంపముంచింది ఆ నమ్మకమే లెండి.

మా ఊళ్లో ఒక ఆర్కెస్ట్రా ఉంది. అందరూ నాలాగే పగలు ఉద్యోగాలు చేసుకుని శనివారాలు వాయించుకునేవాళ్లు. వాళ్ల గొప్పతనం ఏంటంటే, వాళ్లకి కండక్టర్ లేడు. ముందు నిలబడి కర్ర ఊపే మనిషే ఉండడు. అందరూ ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ వాయిస్తారు. ఎక్కడ మొదలెట్టాలో, ఎక్కడ ఆపాలో అంతా చూపులతోనే. పదకొండేళ్లుగా అలాగే నడుపుకొస్తున్నారు, ఆ సంగతి కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుంటారు కూడా.

కొత్తగా చేరినవాళ్లు ఏడాది పాటు వాయించాలి. ఆఖర్లో ఒక కచేరీలో సోలో ఇస్తారు. అదయ్యాక అందరూ కూర్చుని ఓటేసి, ఉంచుకోవాలో పంపించాలో తేలుస్తారు. నాకు వయొలిన్ కన్సర్టో వచ్చింది, అంటే ఒక్క వయొలిన్ ముందుండి వాయిస్తుంటే ఆర్కెస్ట్రా అంతా వెంట నడిచే మూడు భాగాల రచన. ఎవరు రాసిందో చెప్పను. పాపం, ఆ మహానుభావుడు నావల్ల పడ్డ క్షోభ చాలు.

నిజం చెప్తున్నాను, ఆ గ్రూప్‌లో ఉండాలని నాకు చచ్చేంత కోరిక. వారంలో అయిదు రోజులు ఇంకొకళ్లు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి పెట్టే ఉద్యోగం నాది. శనివారం ఆ రెండు గంటలే నావి. అవి పోతే నేనేమైపోతానో అని నిజంగానే భయం వేసేది.

ఆ సోలోకి పెట్టిన మొదటి రిహార్సల్‌లోనే గొడవ మొదలైంది. చెల్లో అనే పెద్ద వయొలిన్ వాయించే డయాన్ అనే ఆవిడ, స్కూల్ టీచర్‌గా రిటైర్ అయింది, చేయెత్తి అందర్నీ ఆపింది.

"లలితా, ఇప్పుడు తల ఊపావు. మేం మొదలుపెట్టాలా?"

"అయ్యో, లేదు డయాన్! టామ్ ఆ బేస్ ఫిడేలు భలే వాయించాడు. అందుకని ఊపాను."

"మరి ఇందాక ఊపింది?"

"అది నేను బాగా వాయించానని."

ఎవరూ నవ్వలేదు. డయాన్ చాలా ఓపిగ్గా చెప్పింది. "చూడు, మాకు కండక్టర్ లేడు. సోలో వాయించేటప్పుడు నీ తలే మాకు కండక్టర్. గడ్డం కింద వయొలిన్ ఉందా, నువ్వు కొంచెం ఊపితే అదంతా ఊగుతుంది. ఇరవై రెండు మందిమీ దాన్నే చూస్తుంటాం. అవసరమైతేనే ఊపు. అర్థమైందా?"

అర్థమైందని తల ఊపాను. సగం మంది మొదలెట్టమన్నాననుకుని కమాన్లు పైకెత్తేశారు.

మనవాళ్లకి తల ఊపకుండా సంగీతం ఎలా వస్తుందండీ? బాగుంటే ఊపుతాం, చాలా బాగుంటే ఇంకా ఊపుతాం. మా గురువుగారైతే, "పెద్దవాళ్లు మెచ్చుకుంటే తల వంచి అందుకోవాలి, లేకపోతే పొగరంటారు" అని మొట్టి మరీ నేర్పారు. పదేళ్ల మొట్టికాయలు నాలుగేళ్ల క్లాసులతో పోతాయా?

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్తే, ఆయన లోపలికెళ్లి విమానంలో మెడకి పెట్టుకునే దిండు తెచ్చారు.

"ఇది పెట్టుకుని రెండు వారాలు ఉండు. మెడ దానంతటదే దారికొస్తుంది."

"ఇది పెట్టుకుని వంట కూడా చేయాలా?"

"వంటేంటి, ఆఫీస్ కాల్స్ కూడా. నీ మేనేజర్ ఏం చెప్పినా తల ఊపుతావు, నేను చూడట్లేదనుకున్నావా?"

ఆయన చెప్పినట్టే చేశాను. మెడకి దిండుతో పప్పు తాలింపేశాను, దిండుతోనే మీటింగులు చేశాను. ఆయన పొద్దున్నే వచ్చి "కాఫీ కావాలా?" అని పరీక్ష పెట్టేవారు. నేను శిలావిగ్రహంలా నిలబడి "కావాలి" అనేదాన్ని. రెండు వారాలు తిరిగేసరికి నా మెడ మీద నాకే గౌరవం పుట్టుకొచ్చింది.

ఆ గౌరవంతోనే ఇంకో తెలివితక్కువ పని చేశాను. ఊళ్లో ఉన్న తెలుగువాళ్లందరికీ వాట్సాప్‌లో "తప్పకుండా రండి" అని పెట్టేశాను. చర్చి హాల్లో కచేరీ, శనివారం మధ్యాహ్నం. అరవై మందికి పైనే వచ్చారు. అందరికంటే ముందొచ్చి మొదటి వరసలో కూర్చున్నది శాస్త్రి అంకుల్. మా ఊళ్లో ఎక్కడ కర్ణాటక కచేరీ జరిగినా ఆయన లేకుండా జరగదు. ఆయన తొడ మీద తాళం వేస్తూ "శభాష్" అన్నారంటే, ఆ మాట చెప్పుకుని ఏడాది బతికేయొచ్చు.

మొదలైంది. మెడ కదల్లేదు. ఎక్కడ సైగ చేయాలో అక్కడే చేశాను. డయాన్ నావైపు చూసి చిన్నగా నవ్వింది కూడా. అలా మొదటి భాగం చివర్లో కడెంజాకి వచ్చాం. అక్కడ ఆర్కెస్ట్రా అంతా ఆగిపోతుంది. సోలో వాయించేవాళ్లు ఒక్కళ్లే రెండు నిమిషాలు తమకొచ్చిన విద్యంతా చూపిస్తారు. మన కచేరీల్లో మృదంగం ఆయనకి తని ఆవర్తనం ఇస్తారే, అలాగన్నమాట. అదయ్యాక తల ఊపితే అందరూ ఒక్కసారిగా అందుకోవాలి.

ఆ రెండు నిమిషాల కోసం నేను ఆర్నెల్లు సాధన చేశాను. నలభై సెకన్లు బ్రహ్మాండంగా నడిచింది. ఒక పొడుగాటి స్వరం పట్టుకుని పైకి తీసుకెళ్తున్నాను. హాలంతా నిశ్శబ్దం. అప్పుడు మొదటి వరసలోంచి గట్టిగా, మనసారా, "శభాష్!" అని వినపడింది.

నేనేం చేశానో మీకు చెప్పక్కర్లేదు. రెండు వారాల దిండూ గంగలో కలిసింది. తల వంచి, కళ్లు మూసుకుని, ఎంతో అణకువగా అందుకున్నాను.

ఇరవై రెండు మందీ ధభీమని నామీద పడ్డారు.

నేనింకా కొండెక్కుతూనే ఉన్నాను, వాళ్లు కింద పెళ్లి ఊరేగింపు మొదలెట్టేశారు. వద్దు వద్దని తల అడ్డంగా ఊపాను. ఒక్కొక్కళ్లే ఆగారు. టామ్ మాత్రం కళ్లు మూసుకుని ఒక్కడే కాసేపు బేస్ వాయించి, ఏదో తేడాగా ఉందని కళ్లు తెరిచి ఆపాడు. మళ్లీ నిశ్శబ్దం.

పోనీ అక్కడ్నుంచి కడెంజా అందుకుందామని కమాను ఎత్తాను. ఈలోగా మనవాళ్లకి అయిపోయిందనిపించింది. అరవై మందీ చప్పట్లు! కొందరు లేచి నిలబడ్డారు కూడా. చప్పట్లు కొడుతుంటే ఊరుకుంటామా?

మళ్లీ తల వంచాను.

మళ్లీ ధభీమని మొదలెట్టారు. ఈసారి ఇంక ఆపే ధైర్యం నాకు లేదు. అక్కడ సోలో వాళ్లకి వాయించడానికి ఏమీ ఉండదు. లోలోపల ఏడుస్తూ, మొహం మీద నవ్వు పెట్టుకుని, చివరిదాకా ఊరికే నిలబడ్డాను.

రెండో భాగం ఎలాగో గట్టెక్కింది. ఇక మూడోదానికి బిగుసుకుపోయాను. ప్రాణం పోయినా తల కదపకూడదు. వాళ్లు నన్ను చూస్తున్నారు, నేను గోడని చూస్తున్నాను. అలా ఎంతసేపు గడిచిందో.

"లలితా," డయాన్ గుసగుసలాడింది, "ఇప్పుడు ఊపు."

"నిజంగానా?"

"నిజంగానే! మొదలుపెట్టాల్సింది నువ్వే!"

ఊపాను. పూర్తిచేశాం. అంతకంటే వివరాలు అడక్కండి.

స్టేజి దిగగానే శాస్త్రి అంకుల్ ఎదురొచ్చారు. "అమ్మాయ్, అంతా బాగుంది కానీ, ఆ మధ్యలో పట్టుకుని, ఠక్కున ఆపి, మళ్లీ ఎత్తుకున్నారు చూశావూ... అద్భుతం! ఎన్నాళ్లు సాధన చేశారమ్మా దానికి?"

"ఆర్నెల్లండీ," అన్నాను. ఇంకేం చెప్పను?

అందరూ వెళ్లాక ఆర్కెస్ట్రా వాళ్లు కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. నన్ను బయట నిలబెట్టారు. మా ఆయన పక్కనే ఉన్నారు. "పోనీలే, ఇంకో గ్రూప్ చూద్దాం," అన్నారు. నాకు ఇంకో గ్రూప్ వద్దు, ఇదే కావాలి. అక్కడే నిలబడి ఏడ్చేశాను. పది నిమిషాలకి డయాన్ తలుపు తీసి లోపలికి పిలిచింది.

"లలితా, ఓటింగ్ అయింది. నువ్వు మాతో ఉంటున్నావు. ఒక్కళ్లు కూడా వద్దనలేదు."

నమ్మలేకపోయాను. "ఒక్కళ్లు కూడానా? ఇంత చేశాక కూడానా?"

"వాయించడం నీకు వచ్చు. దాంట్లో ఎవరికీ అనుమానం లేదు." డయాన్ ఒకసారి అందరి మొహాలూ చూసి గొంతు సవరించుకుంది. "ఇంకో తీర్మానం కూడా చేశాం."

"ఏంటది?"

"వచ్చే సీజన్ నుంచి మనం ఒక కండక్టర్‌ని పెట్టుకుంటున్నాం."

కాబట్టి ఇందరి ఎదుట, నా వయొలిన్ మీద ఒట్టేసి, పూర్తి స్పృహలో చెప్తున్నాను. ఇకమీదట అది నా గడ్డం కింద ఉండగా సాక్షాత్తూ సరస్వతీదేవే హంస దిగి వచ్చి "అమ్మాయ్, ఏదైనా వరం కావాలా?" అని అడిగినా సరే, నేను తల ఊపను. నోటితో చెప్తాను.