ముక్కు మేస్త్రీ

మా ఆయన్ని అందరూ ముక్కు మేస్త్రీ అంటారు. పొడుగు ముక్కని కాదు. ఇళ్లకి రంగులేయడం ఆయన పని. పని పూర్తయ్యాక గది మధ్యలో నిలబడి, గుండెల నిండా గాలి పీల్చి, "వాసన లేదు, ఇక పడుకోవచ్చు" అంటాడు. ఆయన అన్నాడంటే ఇక తిరుగులేదు. పసిపిల్లలున్నవాళ్లూ, ఉబ్బసం ఉన్నవాళ్లూ ఏరికోరి ఆయన్నే పిలుస్తారు.

ఆ పేరు ఊరికే రాలేదు. కుర్రతనంలో తలుపులు మూసిన గదుల్లో థిన్నరు కలిపిన రంగులు కొట్టి కొట్టి, ఓరోజు కళ్లు తిరిగి నిచ్చెన మీంచి తలకిందులుగా పడ్డాడు. అప్పట్నుంచి వాటి జోలికి పోలేదు. నీళ్ల రంగులే వాడతాడు. పాత రంగు గీకాలంటే ముందు గోడ తడిపి, దుమ్ము లేవకుండా గీకుతాడు. కుంచెలు కడిగిన నీళ్లు డబ్బాలో పట్టి, రంగు అడుక్కి దిగేదాకా ఉంచి, ఆ ముద్దని విడిగా ఎండబెడతాడు. ఆయన దగ్గరే పనిచేసే మా మరిది ఓసారి ఆ డబ్బా కాలవలో గుమ్మరిస్తే వీధంతా వినేలా చీవాట్లు పెట్టాడు. ఈ చాదస్తంతో ఇల్లు గడిచినట్టే అని నేను సణిగేదాన్ని. బయటివాళ్ల దగ్గర మాత్రం మా ఆయనంత మేస్త్రీ లేడని తెగ గొప్పలు పోయేదాన్ని.

ఇంకో మురిపెం కూడా ఉండేది, ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది. పని అయ్యాక ముందు నన్నే గదిలోకి తీసుకెళ్లేవాడు. గోడల్ని చూడడు, నా మొహమే చూస్తూ నిలబడేవాడు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఈ మనిషికి ఇదేం సరసమమ్మా అని లోలోపల పొంగిపోయేదాన్ని. నేను ముక్కు చిట్లించానంటే, "ఇంకో రెండు రోజులు ఆగుదాంలే" అనేవాడు. ఇంట్లో పాలు పొంగి మాడిపోతున్నా పక్కనే కూర్చుని పట్టించుకోడు. మగాళ్లంతా ఇంతే అనుకుని ఊరుకున్నాను. నా మట్టిబుర్రకి ఇంకేమీ తట్టలేదు.

మొన్న వానల్లో మా చెల్లెలి పురిటికని వెళ్లాను. అప్పుడే ఈయన ఓ లెక్కల టీచరుగారింట్లో పని ఒప్పుకున్నాడు. వాళ్ల పాపకి ఉబ్బసం, రంగు వేయాల్సింది ఆ పాప గదికే. గోడలన్నీ పద్ధతిగానే వేశాడు. ఈయన సామానుకని కొట్టుకి వెళ్లినప్పుడు, ముసురుకి నీళ్ల రంగు ఆరట్లేదని మా మరిది అలమర లోపల మాత్రం పాత థిన్నరు రంగు పూసి తలుపులు మూసేశాడు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. ఈయన మామూలుగానే గాలి పీల్చి, పడుకోవచ్చన్నాడు.

పాపకి ఆయాసం వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. నేను తిరిగొచ్చేసరికి ఈయన కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. పాప గండం గడిచి సాయంత్రానికి ఇంటికొస్తోందని తెలిసి, ఈలోగా వాళ్లింటికెళ్లి ఓసారి పలకరించి వద్దామని నేనే ఆయన్ని లేవదీశాను.

పాప గది గడప దాటగానే వాసన గుప్పుమంది. అలమర తెరిస్తే కళ్లు మండాయి. పాప తల్లి నా వెనకే వచ్చి, గది తుడిచి శుభ్రంగా పక్క వేశానని చెప్పింది. కొత్తగా రంగులేమైనా వేయించారా అని డాక్టరు అడిగాడట. మేస్త్రీగారు స్వయంగా వాసన చూసి చెప్పారు, అది అయ్యుండదు అందట ఈవిడ. మరి దేనివల్ల? పాప పెంచుకునే పిల్లి వల్లే అనుకున్నారట. దాన్ని ఎవరికో ఇచ్చేశారు, పాపకింకా చెప్పలేదు.

"మాకూ ఏదో వాసన అనిపించిందమ్మా," అంది. "మేస్త్రీగారు లేదన్నాక మా ముక్కులే బాగోలేవనుకున్నాం."

నాకు తల కొట్టేసినట్టయింది. ఈయన గుమ్మంలో నిలబడి నా మొహమే చూస్తున్నాడు. నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఉన్నాను. అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లూ ఆయన చూసింది నన్ను కాదు, నా ముక్కుని. ఆయన గురించో నా గురించో తెలీదు గానీ, సిగ్గుతో చచ్చిపోయాను. నోరు విప్పితే పరాయివాళ్ల ముందు మొగుడి పరువు తీసినదాన్నవుతాను. విప్పకపోతే సాయంత్రం ఆ పిల్ల ఈ పక్క మీదే పడుకుంటుంది.

నేను విప్పక్కర్లేకపోయింది.

"పాపని ఈ గదిలో పడుకోబెట్టకండి," అన్నాడాయన. "నాకు వాసన రాదండీ. ఎప్పుడో పోయింది."

మా మాటలు విని అక్కడికొచ్చిన లెక్కల టీచరు ముందు నవ్వాడు. తర్వాత కోపమొచ్చింది. చేసిన పాడుపని కప్పిపుచ్చడానికి ఇదో నాటకమా, పసిదాని ప్రాణంతో వేళాకోళమా అని నిలదీశాడు. ఈయన తల వంచుకుని, నిచ్చెన మీంచి పడ్డప్పుడే ముక్కు పనిచేయడం మానేసిందనీ, పొక్కితే పని ఎవరిస్తారని దాచాననీ గొణిగాడు. అంటే ముక్కు మేస్త్రీ అని పేరొచ్చేనాటికే ఆ ముక్కు లేదన్నమాట. టీచరు నమ్మలేదు. వరండాలోకి రమ్మని, ఓ గుడ్డని కిరసనాయిల్లో ముంచి తెచ్చాడు. కళ్లు మూసుకోమన్నాడు.

ఈయన మారు మాట్లాడకుండా మూసుకున్నాడు. టీచరు ఆ గుడ్డని ముక్కుకి తగిలీ తగలనంత దగ్గరగా పెట్టాడు. అంత దూరాన ఉన్న నేనే మళ్లీ కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఈయన గాలి పీల్చాడు. మళ్లీ పీల్చాడు.

"పెట్టారా అండీ?" అని అడిగాడు.