బస్సులో తొడుక్కున్న గాజులు

వృద్ధాశ్రమాల్లో ముసలివాళ్లను ఎలా చూసుకుంటున్నారో పరిశీలించి మార్కులు వేయడం నా ఉద్యోగం. ఆ పని నాకు నేర్పింది మాత్రం పేరు కూడా తెలియని ఒకామె.

ఒక సాయంత్రం మొయినాబాద్‌లో చేవెళ్ల బస్సెక్కాను. కనకమామిడిలో ఎక్కినామె నా పక్కన కూర్చుని, సంచిలోంచి చిన్న మూట తీసి, ఎర్రగాజులు ఒక్కొక్కటే చేతులకు ఎక్కించుకోసాగింది.

"కొత్తవా అక్కా?" అన్నాను.

"కాదమ్మా, రోజు ఏస్కునేటియే. నేను ముసలోల్ల ఆశ్రమంల పని చేస్త. తానం పోసేటప్పుడు, పక్కకు తిప్పేటప్పుడు గాజు జర తాకినా వాళ్ల తోలు చీరుకపోతది. గందుకే పొద్దున తీసి పెడ్త."

"ఆశ్రమం వాళ్లు తీయమన్నారా?"

"ఎవ్వలు చెప్పలే. మొదట్ల ఒక అవ్వకు నా గాజే గీసుకపోయింది. నెత్తురు నేనే తుడిచిన. గప్పటిసంది బంద్. మొగడుండంగ ఉత్తచేతులేందని మా అత్త రోజు తిడ్తది. తిట్టనియ్. ఇప్పుడు నా చేతుల ఒక్క అవ్వకు గీత పడదు!"

అని రెండు చేతులూ చాపి తిప్పి చూపించింది. పతకం చూపిస్తున్నట్టే ఉంది ఆమె ముఖం. గోళ్లు కూడా మొదలంటా కత్తిరించి ఉన్నాయి.

నా ఒడిలోని తనిఖీ ఫారంలో మంచాలకు, మరుగుదొడ్లకు, రిజిస్టర్లకు గళ్లున్నాయి. ఆ చేతులకు గడి లేదు. ఫారం మడిచి బ్యాగులో పెట్టేశాను.

ఇప్పుడు ఏ ఆశ్రమానికి వెళ్లినా రిజిస్టరు పట్టుకొచ్చే మేనేజర్ని కాసేపు ఆగమంటాను. ముందు ఆయాల చేతులు చూస్తాను. ఉత్తచేతులు కనబడితే అడుగుతాను:

"సాయంత్రం గాజులు ఎక్కడ తొడుక్కుంటావమ్మా?"