బుడ్డోడనే అమ్మాయి

స్టూడియో కుట్టుగదిలో నటులకు బట్టలు కుట్టే ఆవిడకు ఒక్కతే కూతురు. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. ఆ పిల్ల ఐదేళ్ళప్పుడు బడికి సెలవని తల్లి వెంట వచ్చి, మిషను పక్కన గుడ్డపీలికలతో ఆడుకుంటోంది. ఆ రోజు హీరో కొడుకుగా వెయ్యాల్సిన పిల్లాడికి జ్వరం. సెట్టు సిద్ధంగా ఉంది, జనం గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారు. డైరెక్టరు గుమ్మంలో నిలబడి పిల్లను చూశాడు. అరగంటలో జుట్టు కత్తిరించి, తల్లి చేతే నిక్కరు కుట్టించి, కెమెరా ముందు నిలబెట్టారు.

ఏడవమంటే ఏడుపు రాలేదు. గిల్లారు, బెదిరించారు, లాభం లేకపోయింది. డైరెక్టరు విసిగిపోయి, "సరే, ఏడవకు. ఊరికే అలా చూస్తూ ఉండు" అన్నాడు. ఆ చూపుకి హాళ్ళలో జనం వెక్కివెక్కి ఏడ్చారు.

ఆరేళ్ళలో పద్నాలుగు సినిమాలు చేసింది. అన్నింట్లోనూ మగపిల్లాడే. 'బుడ్డోడు' అన్న పేరు అందరి నోళ్ళలో నానింది. పక్కింటి ముసలావిడ కనబడినప్పుడల్లా బుగ్గలు పుణికి, చక్కని పెళ్ళాం వస్తుందిలే నాయనా అని దీవించేది. పిల్ల బుద్ధిగా తలూపేది.

పదకొండో ఏట కొత్త చొక్కాకి కొలతలు తీస్తూ, ఛాతీ చుట్టూ టేపు తిప్పిన తల్లి చేయి ఆగింది. అంకె రాసుకోలేదు. టేపు చుట్టి సొరుగులో పెట్టి, ఇక చాల్లే, పోయి చదువుకో అంది. మర్నాడు స్టూడియో కారు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పిల్ల ఏమీ అడగలేదు. జుట్టు భుజాల దాకా పెరిగేసరికి వీధిలో గుర్తుపట్టేవాళ్ళే లేకుండా పోయారు.

పద్దెనిమిదో ఏట అదే స్టూడియోలో అసిస్టెంటుగా చేరింది. షాటుకీ షాటుకీ తేడా రాకుండా రాసుకోవడం ఆమె పని. గ్లాసు ఏ చేతిలో ఉంది, చొక్కాకి ఎన్ని గుండీలు పెట్టుకున్నాడు, తలుపు ఎంత తెరిచి ఉంది. పన్నెండేళ్ళు రాసింది. సొంతంగా తీసిన మొదటి సినిమా ఎవరూ చూడలేదు. తిట్టినవాళ్ళూ లేరు.

రెండో సినిమా మొదలయ్యే ముందు ఒక మధ్యాహ్నం, అన్నం తింటూ తల్లిని అడిగింది.

"ఆ రోజు నాకెందుకు చెప్పలేదమ్మా?"

ఏ రోజని తల్లి అడగలేదు. "నువ్వు అడగలేదు కదే."

"అడిగితే చెప్పేదానివా?"

"ఏం చెప్పను? పరాయివాళ్ళు కనిపెట్టి పొమ్మనేదాకా ఉంచమంటావా? నేనే కొలిచాను, నేనే ఆపాను." మజ్జిగ పోసుకుంటూ, "ఏడుస్తావేమో అనుకున్నా. నువ్వేమో వెళ్ళి పుస్తకం తెరిచావు" అంది.

కూతురు చెయ్యి కడుక్కుని లేచింది.

షూటింగు ఆరో రోజున తల్లి కుట్టుగదిలోనే కుప్పకూలింది. కబురందుకుని వెళ్ళేసరికే ప్రాణం పోయింది. పిన్ని వచ్చి పక్కన కూర్చుని, ఏడువు తల్లీ, గుండె బరువు దిగుతుంది అని వీపు నిమిరింది. ఆమెకు ఏడుపు రాలేదు. అమ్మ ఎడమ చెయ్యి కుడి చేతి మీద ఉందని, చూపుడువేలికి సూది గుచ్చుకోకుండా పెట్టుకునే తొడుగు ఇంకా తియ్యలేదని మాత్రం గమనించింది. బంధువులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాతిగుండె అని ఎవరో గొణిగారు. అది నిజమేనేమో అనుకుంది. అనుకున్నా ఏమీ అనిపించలేదు.

నాలుగో రోజున పనిలోకి వెళ్ళింది. యూనిట్ అంతా చేతులు కట్టుకుని నిలబడితే, తరువాతి షాటు ఏదని అడిగింది.

ఆ సినిమా వంద రోజులాడింది. ఒకరోజు మ్యాట్నీకి వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. హాలంతా ముక్కులు చీదుతోంది. పక్క సీటావిడ కళ్ళు తుడుచుకుంటూ ఇటు తిరిగి, "మీకేం అనిపించట్లేదా అండీ?" అంది.

"లేదండీ" అంది ఆమె నిజాయితీగా. "మీరు చూడండి."

బొమ్మ అయిపోయాక ఎండలో నడిచి ఇంటికి చేరింది. బీరువా తెరిచి తల్లి చీరలు పిన్నికివ్వడానికి మడత పెట్టింది. మొత్తం పదిహేడు. తర్వాత మూడో సినిమా కథ ముందేసుకుని కూర్చుంది.