గెటింగ్ క్లియర్

1976 వేసవి, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటలు. కంకిపాడులో మా కూలి ఆడవాళ్ల బడికి ఆఫీసరు వచ్చారు. మాకు చదువు రావడం లేదని ఆయన రాస్తే బడి మూతపడుతుంది.

అర్థమైనప్పుడు ఇంగ్లీషువాళ్లు "ఐ సీ" అంటారని, అంటే చూస్తున్నానని, మేరీ టీచరుగారు చెప్పారు. నలభై ఏళ్ల నేను ఆఫీసరు ప్రతి మాటకీ "ఐ సీ" అన్నాను.

"అయితే ఇది చదువమ్మా" అని ఆయన పుస్తకం ఇచ్చారు. రెండు మాటలు చదివాను. మూడోది గోడలా నిలబడింది. పుస్తకం దించాను.

"ఊరికే అన్నానండీ. సగమే అర్థమైతే ఇంగ్లీషులో ఏమంటారు?"

"గెటింగ్ క్లియర్ అంటారు. మసక విడుతోందని."

"అదే రాసుకోండి మరి."

ఆయన నవ్వి అదే రాశారు. బడి మూతపడకుండా నిలిచింది.

ఇప్పుడు పేపరంతా చదువుతాను. లోకం సంగతి మాత్రం ఇంకా గెటింగ్ క్లియరే. ఆ రోజు అక్కడున్నది మేరీ టీచరుగారు, నాతో చదువుకునే కోటమ్మ, సుశీల, ఆఫీసరు, నేను.